రెస్ట్ స్టాకు లేదు

ప్రిస్క్రిప్షన్ అనే ఇంగ్లీషు మాటకు అర్థం తేల్చడానికి వైద్యశాఖ వారు రాజధానిలో ఒక సంఘాన్ని వేశారు. అంతకుముందు ఆ మాటకు అర్థం తెలియక ఎవరూ ఇబ్బంది పడలేదు. డాక్టరు రాసేవారు, జనం దాన్ని మందుచీటీ అనేవాళ్లు, ఆ చీటీ చూపిస్తే కిటికీలోంచి మందులైనా వచ్చేవి, బయట కొనుక్కోమనే మాటైనా వచ్చేది. ఎక్కువసార్లు మాటే వచ్చేది. అందుకని పేదల మీద జాలి కలిగి, ప్రిస్క్రిప్షన్‌లో ఏది రాస్తే అది ఆసుపత్రిలోనే ఉచితంగా ఇవ్వాలనీ, దేనికోసమూ రోగిని బయటికి పంపకూడదనీ ప్రభుత్వం ఉత్తర్వు వేసింది. మంచి ఉత్తర్వే. అయితే ఆ కాగితం మీద డాక్టరు పేరు, ఆసుపత్రి ఫోను నంబరు కూడా ఉంటాయి కదా, అవి కూడా రోగికి ఇవ్వాలా అని ఒక జిల్లా నుంచి సందేహం వెళ్లింది. సంఘం అలా పుట్టింది.

సంఘం బాగా ఆలోచించి ఇలా తేల్చింది: "ప్రిస్క్రిప్షన్ అనగా, కాగితముపై ఆర్ఎక్స్ గుర్తుకు దిగువనూ, వైద్యాధికారి సంతకమునకు ఎగువనూ గల యావత్తు వ్రాత. అందలి ప్రతి పదమునూ ఔషధముగా పరిగణించవలెను."

ఈ నిర్వచనానికి ఫ్రేము కట్టించి ప్రతి ఆసుపత్రిలోనూ మందుల కిటికీ పైన తగిలించారు. లంకలపాడు ఆసుపత్రిలోనూ తగిలించారు. ఆ తర్వాత కొన్నాళ్లకు ఆ కిటికీ ముందుకు నాంచారమ్మ వచ్చింది.

నాంచారమ్మది లంకలపాడు బస్టాండు పక్కన ఇడ్లీ బండి. బండి మీద ఎర్రరంగుతో 'శోభనాద్రి టిఫిన్సు' అని ఉంటుంది. శోభనాద్రి ఆమె భర్త. పప్పు నానబెట్టేది, రుబ్బేది, పంపు దగ్గర్నుంచి బిందెలు మోసేది, ఇడ్లీ వేసేది, రోట్లో పచ్చడి నూరేది, గిన్నెలు తోమేది నాంచారమ్మ. వచ్చినవాళ్లను శోభనాద్రి పలకరించేవాడు. ఆ పలకరింపు మీదే బండి నడుస్తోందని అతని గట్టి నమ్మకం. అతను చెడ్డవాడు కాదు. భార్యకు నడుం నొప్పి అంటే, "అయ్యో, కాస్త వేడినీళ్లు కాచుకో" అనేంత దయ ఉన్నవాడే.

ఆ నడుం నొప్పి కాలిలోకి దిగి, బిందె ఎత్తితే కళ్లు బైర్లు కమ్ముతుంటే నాంచారమ్మ ఆసుపత్రికి వెళ్లింది. డాక్టర్ శశిరేఖ చిన్నపిల్ల, ఈమధ్యే ఉద్యోగంలో చేరింది. వంచి చూసింది, కాలెత్తి చూసింది, ఫొటో తీయించింది.

"వెన్నుపూసలో డిస్కు జరిగిందమ్మా. ఇప్పుడు జాగ్రత్తపడితే ఆపరేషన్ లేకుండా తగ్గుతుంది. ఇలాగే బిందెలు మోస్తే మాత్రం కాలు పడిపోతుంది" అంది.

"పడిపోతే బండెట్టాగమ్మా?" అంది నాంచారమ్మ.

"బండి సంగతి తర్వాత. పదిహేను రోజులు మంచం దిగకూడదు. పూర్తిగా రెస్ట్."

నాంచారమ్మ నవ్వింది. "అది మా ఇంట్లో ఇయ్యరమ్మా. మీరే ఇప్పించండి."

శశిరేఖ కూడా నవ్వి, నొప్పి బిళ్లలు, క్యాల్షియం బిళ్లలు రాసి, వాటి కింద 'కంప్లీట్ రెస్ట్, పదిహేను రోజులు' అని పెద్ద అక్షరాలతో రాసింది. "ఇది మీ ఆయనకు చూపించండి" అని సంతకం చేసింది. ఆ సంతకం రెస్ట్‌కు దిగువన పడింది.

మందుల కిటికీలో ఫార్మసిస్టు భావనారాయణ కూర్చుని ఉన్నాడు. పింఛను దగ్గరపడిన మనిషి. పక్క మండలంలో ఒక ఫార్మసిస్టు దూది బయట కొనుక్కోమన్నందుకు సస్పెండయ్యాడని విన్న దగ్గర్నుంచి అతనికి తిండి సరిగా సయించడం లేదు. అతను బిళ్లలు రెండు రకాలూ లెక్కపెట్టి ఇచ్చి, మూడో వరుస దగ్గర ఆగాడు. తలెత్తి ఫ్రేము చదివాడు. మళ్లీ చీటీ చదివాడు.

"అమ్మా, రెస్ట్ స్టాకు లేదు" అన్నాడు.

"అది మీ దగ్గర ఉండేది కాదు బాబుగారూ. ఇంటికెళ్లి తీసుకోమన్నారు డాక్టరమ్మ."

భావనారాయణ ముఖం పాలిపోయింది. "ఇంటి దగ్గర తీసుకోవడమంటే బయట తీసుకున్నట్టే కదమ్మా! నేను బయటికి పంపినట్టవుతుంది. రూలు ఒప్పుకోదు. ఇండెంటు పెడతాను, జిల్లా నుంచి రాగానే కబురు చేస్తాను. అందాకా మటుకు నువ్వు ఎక్కడా తీసుకోమాక."

"తీసుకోకుండా ఉండటం నాకేం కొత్త కాదులెండి" అని నాంచారమ్మ నడుం పట్టుకుని ఇంటికి వెళ్లింది.

శోభనాద్రి చీటీ చూసి నిజంగానే కంగారుపడ్డాడు. పదిహేను రోజులనేసరికి మంచం మీద కూలబడ్డాడు. అయితే స్టాకు లేదన్న సంగతి తెలియగానే తేరుకున్నాడు. "వచ్చినప్పుడే తీసుకుందువుగానిలే. మందుల విషయంలో మనం సొంత వైద్యం చేసుకోకూడదు" అన్నాడు. వంటింటి గడపలో కూర్చున్న అత్తగారు కూడా ఆలోచించి, "సర్కారోళ్ల దగ్గరే లేనిది మన కొంపలో ఎక్కడుంటదే?" అంది. ఆ మాటకు ఎదురు చెప్పలేక నాంచారమ్మ పప్పు నానబెట్టింది.

ఇండెంటు జిల్లా ఔషధాధికారి పరాంకుశరావుగారి బల్ల మీదికి చేరింది. ఆయన ఏ కాగితాన్నీ తేలిగ్గా తీసుకునే మనిషి కాదు. మందుల జాబితా మొదటి నుంచి చివరికీ, చివరి నుంచి మొదటికీ చూసి, రెస్ట్ అనే మందు అందులో లేదని నిర్ధారణ చేసుకుని, డాక్టర్ శశిరేఖకు లేఖ రాశారు.

"తమరు నాంచారమ్మ అను రోగికి వ్రాసిన రెస్ట్ అను ఔషధము బిళ్లయా, సీసాయా, సూదియా? దాని మోతాదు, తయారీదారు, గడువు తేదీ వివరములు వెంటనే తెలుపగలరు."

శశిరేఖకు ఆరోజు ఓపీలో జనం విరగబడి ఉన్నారు. అదెవరో చేసిన వేళాకోళమనుకుని ఆ కాగితం అడుగునే రాసి పంపేసింది: "మోతాదు, రోజంతా. గడువు, పదిహేను రోజులు. తయారీదారు, భర్త శోభనాద్రి. తయారీ స్థలం, వారి ఇల్లు."

పరాంకుశరావుగారు అది చదివి కుర్చీలో నిటారుగా అయ్యారు.

"ఇంట్లో తయారీయా! లైసెన్సు ఉందా?" అని అడిగారు.

లేదని తేలింది. డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు ఆజ్ఞ వెళ్లింది. మూడు జిల్లాలకు అతనొక్కడే ఇన్‌స్పెక్టరు కాబట్టి బస్సులో నిలబడి, నిద్రలేక ఎర్రబడ్డ కళ్లతో, పొద్దున్నే లంకలపాడులో దిగాడు. దిగిన చోటే ఇడ్లీ బండి. శోభనాద్రి అలవాటుగా పలకరించాడు.

"రండి సార్, రండి, వేడివేడిగా ఉన్నాయి!"

"శోభనాద్రి నువ్వేనా? నువ్వు ఇంట్లో రెస్ట్ తయారుచేస్తున్నట్టు మాకు సమాచారం ఉంది."

శోభనాద్రి రెండు చేతులూ జోడించాడు. "ఎవరు చెప్పారండీ? కిట్టనోళ్లు చెప్పుంటారు. మా ఇంట్లో రెస్టనేదే లేదండీ. మా అమ్మ మీద ఒట్టు! కావాలంటే మీరే చూడండి. ఏమే, ఇట్రా! ఆ నీళ్ల బిందె ఎత్తు, సారుగారు చూస్తారు."

నాంచారమ్మ బిందె నడుముకెత్తుకుంది. రెండడుగులు వేసింది. మూడో అడుగులో ఆమె కాలు ఆమె మాట వినలేదు. బిందె రోడ్డు మీద దొర్లింది, ఆమె దాని పక్కనే కూలిపోయింది. "అమ్మా" అన్న ఆ కేకకు బస్టాండులో జనమంతా లేచారు. శోభనాద్రి పలకరింపు ఎక్కడికి పోయిందో పోయింది. ఆమె తల ఒళ్లో పెట్టుకుని, తడిసిన నేల మీద అలాగే కూర్చుండిపోయాడు. ఆటో పిలిచింది ఇన్‌స్పెక్టరే. పిలిచి, నివేదికలో ఇలా రాసుకున్నాడు: "సోదా చేయగా సదరు ఇంటివారి వద్ద రెస్ట్ ఏమాత్రమూ దొరకలేదు."

శశిరేఖ ఆమెను వార్డులో చేర్చుకుంది. అదృష్టం కొద్దీ కాలు పడిపోలేదు, కానీ ఇంకొక్క బిందె ఎత్తితే తన పూచీ లేదంది. నాంచారమ్మకు కిటికీ పక్కన మంచం ఇచ్చారు. మూడు పూటలా భోజనం వచ్చేది, తల మీద ఫ్యాను తిరిగేది. ఎవరూ ఏ పనీ చెప్పేవారు కాదు.

భావనారాయణ మర్నాడు వార్డుకు వచ్చి ఆ మంచాన్ని అనుమానంగా చూశాడు.

"డాక్టరుగారూ, ఈమెకు రెస్ట్ ఇచ్చేశారా ఏంటి? స్టాకు ఇంకా రాలేదే!"

"రాలేదు. ఊరికే పడుకుని ఉన్నారంతే" అంది శశిరేఖ. అప్పటికి ఆమెకు విషయం పూర్తిగా అర్థమైంది. నవ్వు ఆపుకోవడానికి నర్సుతో వేరే ఏదో మాట్లాడింది.

భావనారాయణ స్థిమితపడ్డాడు. మంచం ఫర్నిచరు పద్దులోకి వస్తుంది, భోజనం వంటశాల పద్దులోకి వస్తుంది, ఫ్యాను కరెంటు పద్దులోకి వస్తుంది. రెస్ట్ మందుల పద్దు. అది ఇంకా ఇవ్వనట్టే. మందు వచ్చేదాకా రోగిని బయటికి పంపరాదు కనక ఆమె ఆసుపత్రిలోనే ఉండాలి. అతను రోజూ సాయంత్రం వచ్చి, పాపం చాలా బాధగా, "ఈరోజు కూడా రాలేదమ్మా" అని చెప్పి వెళ్లేవాడు.

"తొందరేం లేదు బాబుగారూ, నిదానంగానే రానీండి" అనేది నాంచారమ్మ. పెళ్లయిన తర్వాత ఆమె పట్టపగలు అటు నుంచి ఇటు తిరిగి పడుకోవడం అదే మొదలు.

తొందర శోభనాద్రికి వచ్చింది. పంపు దగ్గర బిందె నిండటానికి ఎంతసేపు పడుతుందో అతనికి ఆ వారమే తెలిసింది. మినప్పప్పు ఎక్కువ నానితే ఇడ్లీ ఏమవుతుందో, తక్కువ నానితే ఏమవుతుందో కూడా తెలిసింది. రోట్లో పచ్చడి నూరి అరచేతులు బొబ్బలెక్కాయి. పలకరిద్దామంటే తీరిక లేదు, పలకరించినా వచ్చినవాళ్లు ఇడ్లీని చూసి వెళ్లిపోతున్నారు. రోజూ సాయంత్రం ఆసుపత్రికి వచ్చేవాడు.

"రెస్టొచ్చిందా?"

"లేదంట."

"ఎప్పుడొస్తదంట?"

"టెండరు పిలవాలంట. నీ చేతులకేమైంది?"

"ఏం లేదు" అని చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. కాసేపు మంచం పట్టె మీద కూర్చుని, "ఆ బిందె అంత బరువుందని నువ్వెప్పుడూ చెప్పలేదే" అన్నాడు. చెప్పిన రోజులన్నీ గుర్తుచేస్తే అక్కడే తెల్లారిపోతుందని నాంచారమ్మ ఊరుకుంది.

చివరికి శోభనాద్రి బస్సెక్కి జిల్లాకు వెళ్లి పరాంకుశరావుగారి గది ముందు నిలబడ్డాడు.

"అయ్యా, మా ఆవిడకు రెస్టు లేక నానా అవస్థా పడతన్నామండీ. ఎట్టాగైనా తొందరగా ఇప్పించండి."

"టెండరు పిలిచాము. ఏ కంపెనీయూ ముందుకు రాలేదు" అన్నారు పరాంకుశరావుగారు గంభీరంగా. "దేశంలో రెస్ట్ ఉత్పత్తి చాలా తక్కువగా ఉన్నట్లు తెలియవచ్చుచున్నది."

శోభనాద్రి తల గోక్కున్నాడు. "పోనీ మా ఇంట్లోనే చేసి ఇచ్చుకుంటానండీ. దానికి లైసెన్సేదో ఇప్పించండి."

పరాంకుశరావుగారు అతని వంక మొదటిసారి ఆప్యాయంగా చూశారు. ఆయన సర్వీసులో తనంత తాను వచ్చి లైసెన్సు అడిగినవాడు అతనే. వారం తిరక్కుండా లైసెన్సు తయారైంది. షరతులు ఆయనే స్వయంగా రాశారు: "తయారీ యావత్తూ లైసెన్సుదారు స్వహస్తములతో చేయవలెను. తయారీ సమయమున రోగిచే బిందె, పొత్రము, గిన్నె, చీపురు ముట్టించరాదు. 'కాస్త ఈ ఒక్కటీ చేసిపెట్టు' అను మాట కల్తీగా పరిగణించబడును. కల్తీ చేసినవారు శిక్షార్హులు."

శోభనాద్రి వేలిముద్రా వేశాడు, సంతకమూ చేశాడు. ఏది చెల్లుతుందో తెలియక రెండూ చేశాడు.

ఆవిధంగా ఆసుపత్రిలో పది రోజులకు పైగా పడుకుని, ఇంకా ఏ రెస్టూ తీసుకోని నాంచారమ్మ, రెస్ట్ తీసుకోవడానికి ఇంటికి వచ్చింది. శోభనాద్రి నడవాలో గాలి తగిలేచోట నవారు మంచం వేశాడు. కొత్త దుప్పటి పరిచాడు. అత్తగారు అలవాటు కొద్దీ, "కాస్త ఆ చేటందుకోవే" అని నోరు జారితే, "అమ్మా! కల్తీ!" అని వీధిలోకి వినబడేలా అరిచాడు. ముసలావిడ హడలిపోయి, చేట తనే అందుకుంది.

మూడో రోజున ఇన్‌స్పెక్టరు వచ్చాడు. లైసెన్సు ఉన్న ప్రతి మందుకూ శాంపిల్ తీసి పరీక్షించాలి. బిళ్లయితే కవరులో వేసుకునేవాడు, ద్రవమైతే సీసాలో పట్టేవాడు. రెస్ట్‌ను దేంట్లో పట్టాలో తెలియక పరాంకుశరావుగారికి ఫోను చేశాడు. "రోగికి ఇచ్చుచున్న రీతిలోనే పావుగంట సేవించి నాణ్యత నిర్ధారింపుము" అని జవాబు వచ్చింది.

నాంచారమ్మ మంచం మీంచి లేచి గోడకు ఆనుకుని కూర్చుంది. ఇన్‌స్పెక్టరు బూట్లు విప్పి పడుకున్నాడు. మూడు జిల్లాల బస్సుల్లో నిలబడి తిరిగిన ఒళ్లు అది. దీపాలు పెట్టేవేళకు లేచి, ఎక్కడున్నాడో తెలియక చుట్టూ చూసి, నివేదిక రాశాడు: "నాణ్యత అత్యుత్తమము."

ప్రభుత్వంలో అత్యుత్తమమనే మాటను ఎవరూ ఊరికే నమ్మరు. మర్నాడు పరాంకుశరావుగారే జీపులో వచ్చారు, వెంట సొంత తలగడ తెచ్చుకున్నారు. ఆయన వెనక తనిఖీ అధికారి, ఆయన వెనక లెక్కల అధికారి. ఒకరి తర్వాత ఒకరు శాంపిల్ తీస్తుంటే పొద్దు వాలిపోయింది. నాంచారమ్మ పొద్దుటి నుంచీ పీట మీదే కూర్చుంది. నొప్పి మళ్లీ కాల్లోకి దిగుతోంది. ఆఖరున పడుకుని నిద్ర లేచిన పరాంకుశరావుగారు మంచం మీదే ఆవులిస్తూ, "ఏమమ్మా, కాస్త టీ దొరుకుతుందా?" అన్నారు. ఎన్నో ఏళ్ల అలవాటు. నాంచారమ్మ గోడ పట్టుకుని లేచి పొయ్యి దగ్గరికి నడిచి, గిన్నె మీద చెయ్యి వేసింది.

అప్పుడే బిందెతో లోపలికి వచ్చిన శోభనాద్రి అది చూశాడు. బిందె ఎక్కడ దించాడో అతనికే తెలియదు.

"వదులు! ఆ గిన్నె వదులు!" అని అరిచాడు. తర్వాత మంచం వైపు తిరిగాడు. ఆ క్షణంలో అతనికి జిల్లా అధికారి అనే భయమే లేదు. "లేవండి సార్! లేవండంటన్నాను! ఈ మందు ఎవరి పేరున రాశారు? మీ పేరునా? పిస్కిప్షను మా ఆవిడది! దాంట్లో రాసిందంతా ఆవిడకియ్యాలి. మీరొచ్చి దొల్లితే ఆవిడ ఎక్కడ పడుకుంటది?"

నాంచారమ్మ భర్త ముఖంలోకి చూసింది. బస్టాండులో అందరినీ నవ్వుతూ పలకరించే మనిషి పెదవులు వణుకుతున్నాయి. ఆమెకు ఏడుపు వచ్చింది. పొయ్యి పొగ తగిలినట్టు కొంగుతో కళ్లు తుడుచుకుంది.

పరాంకుశరావుగారు అవమానం అనుకోలేదు. ఆలోచించారు. నిర్వచనం ప్రకారం అతను చెప్పింది నూటికి నూరుపాళ్లూ సబబు. ఆయన తన తలగడ చంకలో పెట్టుకుని లేచి, "శాంపిల్ సేకరణ ముగిసినది" అని ప్రకటించి, తక్కినవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లిపోయారు. శాంపిల్ రూపేణా ఖర్చయిన రోజులను గడువులో కలపవలసిందని పోతూ పోతూ ఆజ్ఞ కూడా రాశారు. ఆ రకంగా నాంచారమ్మకు ఇంకో రెండు రోజులు వచ్చాయి.

గడువు పూర్తయ్యాక ఆమె ఆసుపత్రికి నడిచి వెళ్లింది. ఆటో ఎక్కమని శోభనాద్రి పోరుతున్నా వినకుండా నడిచే వెళ్లింది. శశిరేఖ వంచి చూసింది, కాలెత్తి చూసింది.

"బాగా తగ్గింది. చిన్న చిన్న పనులు చేసుకోవచ్చు. బిందె మాత్రం ఎత్తకూడదు" అంది.

"అది నాదండీ" అన్నాడు వెనక నుంచి శోభనాద్రి.

"ఇంకేమైనా రాయమంటారా?" అని శశిరేఖ కలం పట్టుకుంది.

నాంచారమ్మ భర్త చేతులు చూసింది. బొబ్బలు కాయలుగా మారుతున్నాయి. "నాకొద్దుగానమ్మా, ఈయనక్కూడా ఆ రెస్టు కొంచెం రాయండి. ఎక్కువొద్దు. అలవాటైపోద్ది. ఆదివారం ఒక్కపూట."

శశిరేఖ రాసింది. సంతకం చేసే ముందు ఒక్క క్షణం ఆగి, ఎగువనా దిగువనా అని ఆలోచించి, దిగువనే చేసింది. ఆ చీటీ కిటికీ దగ్గరికి రాగానే భావనారాయణ ప్రాణం ఉసూరుమంది.

"మళ్లీనా! అమ్మా, మీ ఆయన లైసెన్సు నీకు ఇవ్వడానికే పనికొస్తుంది. ఆయనకు ఇవ్వాలంటే తయారీదారువి నువ్వవుతావు. నీ పేరున వేరే లైసెన్సు తీసుకోవాలి."

నాంచారమ్మ పకపకా నవ్వింది. "దానికి లైసెన్సెందుకు బాబుగారూ? పెళ్లయిన కాడ్నించీ ఈయనకీ, మా అత్తకీ ఆ మందు నేనేగా చేసి పెడతంటా!"

భావనారాయణ కిటికీలోంచి తల బయటపెట్టి అటూ ఇటూ చూశాడు. గొంతు బాగా తగ్గించాడు.

"ఆ మాట గట్టిగా అనమాకమ్మా. ఇన్‌స్పెక్టరుగారు ఇవాళ ఊళ్లోనే ఉన్నారు."